పేరు పలకని తీర్పు

"కోయించండి. నాకేం అభ్యంతరం లేదు," అన్నారు బావగారు, పొయ్యిలో బూడిదకి చెబుతున్నట్టు.

నిన్న పొద్దుగూకే వేళకి కూడా ఈ మనిషే వాకిట్లో నిలబడి, మా ఇంటి కోడలి మెడ మీద కత్తి పడితే ఊరుకోనని, ఆసుపత్రికి పోయే బండికి అడ్డం పడుకుంటానని నాలుగు ఇళ్ళకి వినబడేలా అరిచాడు. తెల్లారేసరికి ఇదిగో, తేనె పూసిన మాట.

ఒటీలియా ఇంటి నడిమి స్తంభానికి వీపు ఆనించి కూర్చుని వింటోంది. ఈమధ్య పగలూ రాత్రీ ఆమె చోటు అదే. పడుకుంటే మెడలోని గడ్డ గాలిగొట్టం మీద బరువు పెడుతుంది, ఊపిరి ఈల వేస్తుంది. చాలా ఏళ్ళ కింద ఉసిరికాయంత ఉన్నప్పుడు దాన్ని పూసల దండ కింద దాచింది. ఇప్పుడు దాచడానికి దండ చాలదు, దుప్పటి కావాలి. "నాకు రెండు తలకాయలు, అందుకే తీర్పులు బాగా చెబుతా" అని ఊరి కోర్టులో తనే హాస్యమాడేది. హాస్యానికి ఊపిరి చాలని రోజులొచ్చాక అదీ మానేసింది.

బావగారంటే ఆమె భర్త సియూనేకి అన్న. వాళ్ళుండే సింబు కొండల్లో కోడలు బావగారి పేరు ఎత్తకూడదు, ఎదురుగా నిలబడి మాట్లాడకూడదు. ఆయనా అంతే. ఇన్నేళ్ళ కాపురంలో ఒటీలియా ఆ పేరు ఒక్కసారీ పలకలేదు. ఆమె పలకని పేరు ఆమెకన్నా ముందు మనమెందుకు పలకాలి, బావగారనే అందాం.

"నిన్న వద్దు, ఇవాళ సరే. రాత్రికి రాత్రి ఏ దేవదూత వచ్చి చెవిలో ఊదాడో," అన్నాడు గాండే.

గాండే ఒటీలియా తమ్ముడు. అక్కకి ఆపరేషనంటే పుట్టింటివాళ్ళ మాట కూడా ఉండాలి కాబట్టి, తెల్లవారకముందే ఏరు దాటి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. రేపు ఆమెకేదైనా అయితే ఇదే గుమ్మంలో నిలబడి, పరిహారం కింద పందుల్ని తోలుకుపోయేది కూడా అతనే. అందుకని అతన్ని ఎవరూ కసురుకోరు.

"మనిషన్నాక మనసు మారదా? నా తమ్ముడి పెళ్ళాం ఊపిరాడక కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"ఇన్నాళ్ళూ చూస్తూనే కూర్చున్నారు కదా."

"చూడు సియూనే, నీ బావమరిదికి నోరెక్కువైంది."

సియూనే పొయ్యిలోంచి ఒక చిలగడదుంప తీసి, బూడిద దులిపి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ పొయ్యిలోనే పెట్టాడు. ఆ మనిషి తీరే అంత. ఎంత గొడవ జరిగినా దుంప కాలిందా లేదా అని చూస్తాడు.

రాత్రి వచ్చిన దేవదూత ఎవరో ఒటీలియాకి తెలుసు. నిన్న మధ్యాహ్నం మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ గెయువా మొగుడూ పెళ్ళాలిద్దరినీ కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పింది. గడ్డ వెనకాల దారప్పోగులాంటి నరం ఉంటుంది, అటొకటి ఇటొకటి. మాట నడిచేది వాటి మీదే. ఇంత పెద్ద గడ్డలో అవి ఎక్కడ ఇరుక్కున్నాయో తెరిచి చూస్తేగాని తెలియదు. ఒకదానికి దెబ్బ తగిలితే మనిషి బతుకుతుంది, తింటుంది, తోటపని చేసుకుంటుంది. మాట మాత్రం గుసగుసగా మిగులుతుంది. రాత్రి సియూనే అన్న ఇంటికి వెళ్ళి ఈ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పొచ్చాడు. తెల్లారేసరికి అన్నగారి మనసు కరిగింది.

కరగదూ మరి. ప్రిస్కా కాఫీతోట తీర్పు రెండు నెలలుగా ఒటీలియా గొంతులోనే ఉంది.

తమ వంశంవాడైన ప్రిస్కా మొగుడు పోయి, సమాధి మట్టి ఆరకముందే బావగారు ఆ తోట చుట్టూ కంచె వేసి, వంశంవాళ్ళ నేల వంశానికే అన్నారు. చెట్లు నాటింది ప్రిస్కా, పళ్ళు కోసింది ప్రిస్కా, ఆ పళ్ళ మీదే పిల్లల్ని పెంచింది ప్రిస్కా. ఊరి కోర్టులో మిగతా ఇద్దరు పెద్దలూ తోట ఆవిడదేనని తలూపారు. పైకి చెప్పడం మాత్రం పెద్ద కుర్చీలో ఉన్న ఒటీలియాకి వదిలేశారు. బావగారు నడిచే దారినే రోజూ నడవాల్సినవాళ్ళు, ఇంకేం చేస్తారు. నువ్వు ఆయన మరదలివి కదా, నువ్వెలా చెబుతావని అడగడానికి లేదు, ఆ లోయలో ఎవరూ ఎవరికీ పరాయివాళ్ళు కారు. ఇక కాగితం మీద ఏం రాసినా అక్కడ లెక్కలోకి రాదు. ఓడినవాడి పేరు పెట్టి పదిమందిలో పైకి పలకాలి. పలికితేనే తీర్పు.

ఒటీలియా రెండుసార్లు మొదలుపెట్టింది. రెండుసార్లూ పేరు దగ్గరికొచ్చి ఆగిపోయింది. పాపం, గడ్డ అడ్డొచ్చిందన్నారు జనం. ఒటీలియా వాళ్ళని అలాగే అనుకోనిచ్చింది.

"కాఫీ పళ్ళు ఎర్రబడుతున్నాయి," అన్నాడు గాండే, ఎవరినీ చూడకుండా. "మా అక్క గొంతు పోతే ఈ ఏటి పంట ఎవరు కోసుకుంటారో ఊళ్ళో పందులకి కూడా తెలుసు."

"నోరు అదుపులో పెట్టుకో."

"నాది అదుపులోనే ఉంది. పోయేది ఎవరి నోరో చూసుకునే కదా తమరు సరేనన్నది."

బావగారు లేచారు. గాండే కూడా లేచాడు. ఇద్దరికీ మధ్య పొయ్యి ఉండబట్టి ఆగారు గాని, లేకపోతే ఆ పూట ఆసుపత్రికి ముగ్గురు వెళ్ళాల్సి వచ్చేది.

ఒటీలియా అరచేత్తో నేల మీద రెండుసార్లు కొట్టింది. కోర్టులో కర్రతో కొట్టే అలవాటు. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"కూర్చో తమ్ముడూ." ఆగి ఊపిరి తీసుకుంది. "ఏమయ్యా, మీ అన్నగారికి చెప్పు. ఆయన ఎందుకు సరేనన్నారో నాకక్కర్లేదు. సరేనన్నారు, అది చాలు. ఇంక బండెక్కుదాం. నేను నోరు ఆసుపత్రిలో వదిలేసి వస్తానని ఎవరైనా అనుకుంటుంటే, వాళ్ళు కూడా బండెక్కి వచ్చి చూసుకోవచ్చు."

"మీ ఆవిడకి చెప్పు," అన్నారు బావగారు, బూడిద వైపే చూస్తూ. "నేనూ వస్తున్నాను. రక్తం కావాలన్నారట కదా. నాది తీసుకోమను."

మొహమాటానికి అన్నాడో, ప్రేమగా అన్నాడో, ముందరికాళ్ళకి బంధం వెయ్యడానికి అన్నాడో ఎవరు చెప్పగలరు. బహుశా మూడూ నిజమే. ఆయనేమీ రాక్షసుడు కాదు. ఒటీలియా ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది ఏరు పొంగితే, ఈ మనిషే సియూనేని జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగాడు. ఆ సంగతి సియూనే మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వడు కూడా.

*

ఆసుపత్రి వరండాలో డాక్టర్ గెయువా ఆమె మెడ చుట్టూ రెండు చేతులూ పెట్టి, కళ్ళు మూసుకుని తడిమింది. రాజధాని మోర్స్‌బీ వైపు తీరప్రాంతపు మనిషి. కొండ చలికి తట్టుకోలేక ఒకదాని మీద ఒకటి రెండు స్వెట్టర్లు తొడుక్కుని తిరుగుతుంటే వార్డులో ఆడవాళ్ళు చాటుగా నవ్వుకుంటారు.

"రేపు పొద్దున చేద్దాం. నువ్వు మెలకువగానే ఉంటావు."

"మెలకువగానా? మా ఊళ్ళో పందిని కూడా ముందు తల మీద ఒక్కటేసి, ఆ తరవాతే కోస్తాం డాక్టరమ్మా."

డాక్టర్ నవ్వింది. "నీకు మెడలో సూదులు వేస్తా. నొప్పి తెలీదు, లాగుతున్నట్టు తెలుస్తుంది. నిద్రపుచ్చే మెషీను చెడిపోయింది, దాని ముక్క ఇంకా రాలేదు. అది ఉన్నా నీకు పెట్టేదాన్ని కాదులే. గడ్డ నెట్టేసి నీ గాలిగొట్టం వంకరపోయింది, అందులోంచి ఇంకో గొట్టం దించడం కష్టం. రాజధానికి పంపిద్దామంటే విమానమే దిక్కు. వరసలో నీ వంతు వచ్చేదాకా నీ ఊపిరి నిలవదు."

"అంటే ఈ బల్లే గతి."

"ఈ బల్ల మీద ఇలాంటివి చాలా చేశాను. ఇంకో సంగతి. నువ్వు మాట్లాడుతుంటే నాకే మేలు."

"ఎలాగ?"

"రక్తనాళానికి ముడి వేసేముందు క్లిప్పు పెట్టి పట్టుకుంటాం. ఆ పట్టులో నరం కూడా ఇరుక్కుందేమో ఒక్కోసారి కళ్ళకి తెలీదు. నీ గొంతు చెబుతుంది. మాట బాగుంటే ముడి వేస్తా. మాట బొంగురుపోయినా, ఆగిపోయినా, క్లిప్పు అప్పటికప్పుడు తీసేస్తా. వెంటనే వదిలితే నరం కోలుకుంటుంది. ముడి పడ్డాక ఇక నేనేం చెయ్యలేను."

"అంటే నువ్వు కోస్తున్నంతసేపూ నేను వాగుతుండాలి."

"ఆపకుండా వాగాలి. నువ్వు ఆగితే నా చెయ్యి ఆగుతుంది. మామూలుగా అంకెలు లెక్కపెట్టమంటాను."

"అంకెలు బళ్ళో పిల్లలకి. నేను కోర్టు నడిపేదాన్ని. ఏదైనా కేసు చెబుతాలే."

"ఎంత పొడుగు కేసైతే అంత మంచిది. గడ్డ మొత్తం తియ్యను, కొంచెం వదిలేస్తా. మొత్తం తీస్తే బతికినన్నాళ్ళూ రోజూ మాత్ర మింగాలి. వానకి మీ లోయ రోడ్డు తెగిపోతే ఆ మాత్ర ఎవరు మోసుకొస్తారు?" డాక్టర్ చేతులు కడుక్కుంటూ అంది. "నా చేతులకి పని తెలుసు ఒటీలియా. నీ నోటికి పని తెలుసంటున్నారు. ఇద్దరం సరిగ్గా చేస్తే చాలు."

ఒటీలియాకి ఆ మాట నచ్చింది. ధైర్యం చెప్పినట్టు కాకుండా, పని పంచుకున్నట్టు ఉంది.

*

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే అందరూ వార్డు ముందు గడ్డిలో చేరారు. కోపం కడుపులో పెట్టుకుని కత్తి కిందికి పోతే కోత మానదు. ఆ కొండల్లో ఇది అందరూ ఎరిగిన మాటే. ఉంటే ముందే కక్కేయాలి, లేకపోతే లేదని అందరూ వినేలా చెప్పాలి. వార్డు నర్సు కూడా ఆ పక్కదే కాబట్టి, "అయిందా మీ మాటలు?" అని గుమ్మంలోంచి అడిగి, ఇంకా కాలేదంటే తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

బావగారు అప్పుడే రక్తం ఇచ్చి వచ్చారు. మోచేతి దగ్గర దూది అంటించి ఉంది. తియ్యటి టీ గ్లాసు పట్టుకుని, దూది అందరికీ కనబడేలా చెయ్యి మోకాలి మీద చాపుకుని కూర్చున్నారు.

"సియూనే, మీ ఆవిడని అడుగు," అన్నారు. "మన ఇంటివాళ్ళ మీద మనసులో ఏమైనా దాచుకుందేమో. ఉంటే ఇప్పుడే చెప్పెయ్యమను. లేకపోతే లేదనమను."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. లేదంటే, ఏ గొడవా లేదని ఆవిడ నోటితోనే అందిగా, ఇంక తోట కేసేమిటంటారు. ఉందంటే, కడుపులో కోపం పెట్టుకున్న మనిషి తీర్పు తీర్పేనా అంటారు. ఒటీలియా ఆ ఎత్తుని లోలోపల మెచ్చుకుంది. కోర్టులో ఇలాంటి మనిషి తన పక్కనుంటే ఎంత బాగుండేదో అనుకుంది.

ప్రిస్కా కొంచెం ఎడంగా, నారతో అల్లిన బిలుం సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సంచి నిండా ఒటీలియా కోసం తెచ్చిన ఆకుకూర. ఆమె లేచి వచ్చి ఒటీలియా పక్కన మోకాళ్ళ మీద వాలింది.

"లేదని చెప్పెయ్యి అక్కా," అంది నెమ్మదిగా. "తోట పోతే పోయింది. నువ్వు తిరిగి ఇంటికొస్తే చాలు. నావల్ల నీకేదైనా అయితే నేను ఆ చెట్ల మొహం చూడలేను."

"చెట్లకి నీ మొహం చూడాలనుంటుంది కదా. వాటిని అడిగావా?" అంది ఒటీలియా. తరవాత మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, మీ అన్నగారికి చెప్పు. ఆయన మీద నాకు కోపం లేదు. నేను ఆయనకి ఒక మాట బాకీ ఉన్నాను. అది గడ్డిలో కూర్చుని తీర్చే బాకీ కాదు, తీర్చే చోట తీరుస్తాను."

బావగారు టీ గ్లాసు కింద పెట్టారు. "గొంతుండాలిగా," అన్నారు, మెల్లగా. గాండే లేవబోయాడు. ఒటీలియా అతని చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టింది.

మిగతావాళ్ళు వంటపాక వైపు వెళ్ళాక సియూనే ఒక్కడే ఆమె దగ్గర మిగిలాడు. కాలిన దుంప తొక్క తీస్తున్నాడు. ఆమె మెత్తటిది తప్ప మింగలేదు కాబట్టి, లోపలి గుజ్జు వేళ్ళతో చిదిమి, ఆకు మీద పెట్టి ఊదుతున్నాడు.

"రాత్రి వెళ్ళి అంతా చెప్పొచ్చావు," అంది ఒటీలియా. "నరం సంగతి కూడా."

"అడిగాడు."

"అడిగితే చెప్పేస్తావా?"

"అన్న కదా."

"మరి నేను?"

సియూనే దుంప వైపు చూశాడు. ఒటీలియాకి ఒళ్ళు మండింది. గడ్డ పోయినా పోకపోయినా ఫరవాలేదు, ఈ మనిషి నోట్లోంచి తన పక్షాన ఒక్క మాట వస్తే చాలనిపించింది. ఊళ్ళో ఎంతమంది మొగుళ్ళ చేత నిజం చెప్పించిందో ఆమెకే లెక్క తెలీదు. సొంత మొగుడి దగ్గర ఆ విద్య పారలేదు.

"తిను," అన్నాడు సియూనే, ఆకు ఆమె ముందు పెట్టి.

ఆమె మొహం తిప్పుకుంది. కాసేపయ్యాక తింది. దుంప బాగా ఉడికింది, అదొక్కటి ఒప్పుకోవాలి.

"రేపు కిటికీ కింద కూర్చుంటా," అన్నాడు సియూనే, ఆకు మడుస్తూ.

*

బల్ల తలవైపు ఎత్తి, ఆమెని సగం కూర్చోబెట్టినట్టుగా పడుకోబెట్టారు. మొహం మీద పచ్చటి గుడ్డ పందిరిలా కట్టారు. మెడలో సూదులు భగ్గుమన్నాయి, తరవాత మెడ తనది కానట్టయింది. గాలి కోసం కిటికీ అద్దపురెక్కలు తెరిచే ఉంచారు. దోమల వల అవతల, గడ్డి మీద, తనవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. గాండే దగ్గు, ప్రిస్కా ప్రార్థన, బావగారు ఎవరినో చుట్ట అడగడం. మొగుడి అలికిడి లేదు, అంటే అక్కడే ఉన్నాడన్నమాట.

"మొదలుపెట్టమ్మా," అంది డాక్టర్.

ఒటీలియా గొంతు సవరించుకోబోయి, సవరించుకోకూడదని గుర్తొచ్చి మానేసింది.

"ఊరి కోర్టు కూర్చుంది," అంది. "ఇది వాగు పక్కన ప్రిస్కా కాఫీతోట కేసు."

కిటికీ బయట మాటలు ఆగిపోయాయి.

ఆమె చెప్పుకుపోయింది. చెట్లు ఎవరు నాటారు, మొక్కలు ఏ కొండ మీంచి మోసుకొచ్చారు, సాక్షులెవరు, ఎవరు ఏం చెప్పారు, ఎవరు చెప్పింది తాగిన మైకంలో చెప్పింది. మధ్యలో "క్లిప్పు", "బాగుంది", "ముడి", "సాగించు" అంటూ డాక్టర్ గొంతు వినబడుతోంది. లోపల ఎవరో దుంప తవ్వుతున్నట్టు ఉంది, నొప్పి లేదు. ఊపిరి ఒక్కో మాటకీ కొంచెం తేలికవుతున్నట్టు తోచింది. నిజమో భ్రమో తెలీదు గాని, ఒటీలియాకి హుషారొచ్చింది. ఒక అబద్ధపు సాక్షిని అనుకరిస్తే నర్సు మూతిగుడ్డ లోపల కిసుక్కుమంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ నోటికి ఆసుపత్రి గది కూడా ఊరైపోయింది.

"ఎడమవైపు పెద్ద రక్తనాళం ఇది," అంది డాక్టర్. "నరం ఇక్కడే ఎక్కడో ఉంది. క్లిప్పు పెడుతున్నా. గట్టిగా మాట్లాడు."

"తోట నాటినవాళ్ళది," అంది ఒటీలియా గట్టిగా. "కంచె వేసినవాళ్ళది కాదు. ఆ కంచె వేసింది—"

పేరు నాలుక చివరికి వచ్చింది. ఎప్పుడూ ఆగే చోటే ఆగింది. అత్తగారు మొదటి రోజే చెప్పిన మాట, ఏట్లోంచి జుట్టు పట్టుకుని లాగిన చెయ్యి, మోచేతి మీద దూది, ఫ్రిజ్‌లో తన కోసం చల్లబడుతున్న రక్తపు సంచి. అన్నీ కలిసి గొంతుకి అడ్డంపడ్డాయి.

"ఒటీలియా," అంది డాక్టర్. "మాట్లాడు."

గదిలో చప్పుడు లేదు.

"తీసేశాను. క్లిప్పు తీసేశాను. ఒటీలియా, ఒక్క మాట. ఏదో ఒకటి."

డాక్టర్ గొంతు మొదటిసారి వణికింది. అప్పుడు తట్టింది ఒటీలియాకి. పాపం, నరం తెగిందనుకుంటోంది.

"నరం కాదు డాక్టరమ్మా," అంది. "బావగారు."

"ఏంటి?"

"ఆయన పేరు నేను పలక్కూడదు. అందుకని ఆగాను."

నర్సు ఈసారి పైకే నవ్వేసింది. డాక్టర్ నవ్వలేదు. పెద్దగా గాలి వదిలి, దూది అడిగి, కాసేపు ఏదో అదిమి పట్టుకుంది.

"నా ప్రాణం పోయింది తెలుసా?" అంది చివరికి. "మళ్ళీ అదే చోట క్లిప్పు పెట్టాలి. నువ్వు మళ్ళీ ఆగితే, ఆపింది నరమో బావగారో నాకెలా తెలుస్తుంది? తెలీకుండా ముడి వెయ్యను. ముడి వెయ్యకపోతే ఇంతటితో కుట్టేసి పంపాలి. ఈ కేసొద్దు, అంకెలు లెక్కపెట్టు."

అంకెలు సులువే. లెక్కపెట్టుకుంటూ పోతే గొంతు మిగులుతుంది. మిగిలిన గొంతుతో కోర్టుకి వెళ్ళి, మూడోసారి అదే చోట ఆగుతుంది. ఇన్నాళ్ళూ జనం గడ్డ అన్నారు, తనూ ఊ కొట్టింది. ఆ గడ్డ ఇప్పుడు సగం బయటపడి డాక్టర్ చేతుల్లో ఉంది. ఇక సాకు లేదు. ఒటీలియాకి సిగ్గేసింది, వెంటనే కోపమొచ్చింది, ఆ కోపం తన మీదే.

"పెట్టు డాక్టరమ్మా," అంది. "ఈసారి ఆగను."

"అంకెలేనా?"

"నువ్వు పెట్టు."

క్లిప్పు పడింది. లోపల ఏదో బిగిసింది.

"ఆ కంచె వేసింది," అంది ఒటీలియా, కోర్టు మైదానం చివరిదాకా వినబడే గొంతుతో, "బోమాయ్ కెరెంగా. వినబడనివాళ్ళ కోసం ఇంకోసారి. బోమాయ్ కెరెంగా."

"గొంతు ఖంగుమంటోంది," అంది డాక్టర్. "ముడి."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ పేరు ఒక కిటికీ దాటింది, అదే చాలింది. ప్రిస్కా ప్రార్థన మధ్యలో తెగిపోయింది. ఇక మనమూ ఆయన్ని బోమాయ్ అనొచ్చు. బోమాయ్ లేచిన చప్పుడు, అడుగులు కిటికీ దాకా రావడం ఒటీలియాకి స్పష్టంగా వినబడ్డాయి.

"సియూనే." గొంతు వలకి ఆనించినంత దగ్గరగా ఉంది. "నీ పెళ్ళాం నా పేరెత్తింది. నా రక్తం పక్కన పెట్టుకుని, ఇంతమందిలో నా పేరెత్తింది. లోపలికి పోయి దాని నోరు మూయించు. లేకపోతే నా రక్తం నాకు ఇచ్చెయ్యమను. ఇప్పుడే, ఆ సంచి పట్టుకుని ఇంటికి పోతా."

నర్సు నవ్వు ఆగిపోయింది. ఆమె డాక్టర్ వైపు చూసి ఉండాలి, ఎందుకంటే డాక్టర్ చాలా నెమ్మదిగా అంది:

"కుడివైపు దీనికన్నా పెద్దది. ఆ సంచి నాకు కావాలి. ఎవరూ ఫ్రిజ్ ముట్టుకోవద్దు."

బయట గాండే ఏదో అరిచాడు. ఎవరో అతన్ని పట్టుకున్నారు. మెట్ల మీద బోమాయ్ అడుగు పడింది, తరవాత ఇంకో అడుగు. గుడ్డ కింద ఒటీలియా కదలకుండా పడుకుంది. తెరిచిన మెడతో ఆమె ఎక్కడికి పోగలదు.

అప్పుడు ఎవరో దగ్గారు. దుంప పొట్టు గొంతులో అడ్డంపడ్డ మనిషి దగ్గే దగ్గు అది.

"కూర్చో అన్నా," అన్నాడు సియూనే.

అడుగులు ఆగాయి.

"ఏమన్నావ్?"

"కూర్చోమన్నా. తీర్పు ఇంకా పూర్తి కాలేదు."

సియూనే గొంతు పెద్దదేం కాదు. పొయ్యి దగ్గర మాట్లాడే గొంతే. అయినా గడ్డిలో ఉన్న అందరికీ వినబడింది, బల్ల మీదున్న మనిషికి కూడా వినబడింది. బోమాయ్ కూర్చున్న చప్పుడు మాత్రం వినబడలేదు. మెట్లు దిగిన చప్పుడూ లేదు.

"కుడివైపు మొదలుపెడుతున్నా," అంది డాక్టర్. "మాట్లాడమ్మా."

పచ్చగుడ్డ కింద ఒటీలియా చెంపల మీంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు కట్టేసి ఉన్నాయి.

"ఒటీలియా, మళ్ళీ ఆగావు. ఈసారి ఎవరు?"

"మా ఆయన," అంది ఒటీలియా. "పెట్టు డాక్టరమ్మా, చెబుతున్నా."